ఇసుకకు పోగుల బలం

పొడి ఇసుకలో గింజను గింజ పట్టుకుని ఉండదు. బంకమట్టి రేణువుల మధ్య ఉండే అతుకు ఇసుకలో లేదు. దాని బలమంతా ఒరిపిడిలోనే ఉంది. ఒక గింజ పక్క గింజ మీదుగా జారాలంటే ఆ ఒరిపిడిని దాటాలి. గింజలను నొక్కి ఉంచే ఒత్తిడి ఎంత ఎక్కువైతే ఒరిపిడి అంత పెరుగుతుంది. ఫ్రెంచి సైనిక ఇంజనీరు కూలుంబ్ 1773లో పారిస్ సైన్స్ అకాడమీకి సమర్పించిన వ్యాసంలో మట్టి బలాన్ని సరిగ్గా ఇలాగే రెండు భాగాలుగా విడదీశాడు. అతుకు ఒక భాగం, ఒత్తిడిని బట్టి పెరిగే ఒరిపిడి రెండో భాగం. శుభ్రమైన ఇసుకకు మొదటి భాగం సున్నా.

అందుకే ఒకే ఇసుక రెండు చోట్ల రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. పది మీటర్ల లోతున గట్టిగా పేరుకున్న ఇసుక పొర మీద అంతస్తుల భవనాల పునాదులు నిలుస్తాయి. అక్కడ పైనున్న నేల బరువు దాన్ని అన్ని వైపుల నుంచీ బిగించి ఉంచుతుంది. అదే ఇసుక నేల పైభాగంలో ఉంటే సైకిలు కూడా కూరుకుపోతుంది. చక్రం కింద నలిగిన గింజలు పక్కలకు జారతాయి, చక్రానికి అటూ ఇటూ గట్టులా పైకి లేస్తాయి. మధ్యలో గాడి మిగులుతుంది. తరువాత వచ్చే బండి అదే గాడిలో నడిచి దాన్ని మరింత లోతు చేస్తుంది. అలలు తడిపి వెళ్లిన సముద్రపు ఒడ్డున మాత్రం బండి సాఫీగా నడుస్తుంది. గింజల సందుల్లోని కొద్దిపాటి నీరు తన తలతన్యతతో వాటిని దగ్గరకు లాగి ఉంచడమే దానికి కారణం. ఎండకు ఆ తడి ఆరినా, సందులన్నీ నీటితో నిండినా ఆ బలం పోతుంది. ఇలా పూటకో తీరుగా మారే బలాన్ని నమ్మి రోడ్డు వేయలేరు.

ఇసుక నేలల్లో దారి వేయడానికి అలవాటైన పద్ధతి ఒక్కటే: బయటి నుంచి గ్రావెల్, కంకర తెచ్చి పరచడం. కోనసీమలో, దివిసీమలో ఎంత తవ్వినా ఒండ్రు, ఇసుకే తప్ప రాయి తగలదు. కంకర మెట్ట ప్రాంతపు క్వారీల నుంచి రావాలి. బంగ్లాదేశ్‌లో రాయి కరువై ఇటుకలు కాల్చి, పగలగొట్టి రోడ్లకు వాడుతున్నారు. పశ్చిమ అలాస్కాలోని కొన్ని ఊళ్లకు కంకర పడవల మీద వస్తుంది. జాతీయ రహదారి అయితే ఆ ఖర్చును వేల బళ్లు పంచుకుంటాయి. రోజుకు కొన్ని ఆటోలు, ట్రాక్టర్లు, ఒకటి రెండు లారీలు మాత్రమే తిరిగే ఊరి దారికి అంత ఖర్చు పెట్టేవారు ఉండరు. దాంతో ఆ దారి ఇసుకగానే మిగిలిపోతుంది.

తక్కువ రాకపోకల రోడ్డు అంటే ఏమిటో ఇంజనీర్లు లెక్కగా చెబుతారు. 80 కిలోన్యూటన్ల బరువు, అంటే సుమారు 8.16 టన్నులు మోసే ఇరుసును ప్రామాణికంగా తీసుకుని, రోడ్డు జీవితకాలంలో అలాంటివి ఎన్ని దొర్లుతాయో లెక్కిస్తారు. గ్రామీణ రోడ్ల కోసం ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వేసిన ఎస్‌పీ 72 సంచికలో అతి తక్కువ తరగతి పదేళ్లలో 10,000 నుంచి 30,000 ఇరుసులు. బళ్ల సంఖ్య కన్నా బరువే ఈ లెక్కలో ముఖ్యం. 1958–60 మధ్య అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో జరిగిన భారీ రోడ్డు పరీక్షలు దీన్ని తేల్చాయి: ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం దాదాపు పదహారు రెట్లు పెరుగుతుంది. నెలంతా తిరిగే మోటారు సైకిళ్లు చేయని చెడుపు, మోతాదుకు మించి రొయ్యల మేత ఎత్తుకొచ్చిన ఒక్క లారీ చేస్తుంది.

రాయి మోసుకురాకుండా, కాళ్ల కింద ఉన్న ఇసుకనే బండి మోసేలా చేసే మార్గాల్లో ఒకటి అందులో పోగులు కలపడం. సన్నని, పొట్టి పోగులను ఇసుకలో అన్ని దిక్కులకూ చెదిరేలా కలిపి, తడిపి, రోలర్‌తో తొక్కిస్తారు. సిమెంటు లేదు, సున్నం లేదు, రసాయన చర్య లేదు. ఇసుక ఇసుకగానే ఉంటుంది.

మట్టికి నార తోడు చేయడం పాత విద్యే. గోడ మట్టిలో గడ్డి కలిపి తొక్కడం మన ఊళ్లకు తెలిసిందే. ఇరాక్‌లోని అఖర్ కూఫ్ వద్ద మూడు వేల ఏళ్లకు పైబడిన కట్టడంలో ఇటుక వరసల మధ్య రెల్లు చాపలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆధునిక కాలంలో ఫ్రెంచి ఇంజనీరు ఆంరీ విదాల్ 1960ల తొలినాళ్లలో ఉక్కు పట్టీలతో మట్టి గోడలు నిలబెట్టే పద్ధతికి పేటెంటు పొందాడు. పట్టీల స్థానంలో పోగులు వస్తే ఏం జరుగుతుందో ప్రయోగశాలలో ఓపికగా కొలిచినవారిలో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన డొనాల్డ్ గ్రే, ఆయన సహచరుడు ఒహాషీ ముఖ్యులు. 1983లో వచ్చిన వారి పత్రం ఈ రంగానికి ఇప్పటికీ పునాది. పెట్టెలో ఇసుక పోసి, పై సగాన్ని కింది సగం మీదుగా పక్కకు జరుపుతూ, ఆ జారుడు తలాన్ని దాటి నిలిచిన పోగులు ఎంత అడ్డుకుంటాయో వాళ్లు కొలిచారు. సహజ నార, ప్లాస్టిక్ పోగు, రాగి తీగ – అన్నీ వాడి చూశారు.

పోగు గింజలను అంటించదు. బండి బరువు లేనప్పుడు ఇసుకలో అది ఊరకే పడి ఉంటుంది. చక్రం ఎక్కినప్పుడు ఇసుక పక్కలకు సాగబోతుంది, గింజలు పోగు మీదుగా జారబోతాయి. అప్పుడు గింజలకూ పోగుకూ మధ్య ఒరిపిడి పుట్టి, పోగు బిగుసుకుంటుంది. బిగుసుకున్న పోగు తన రెండు చివరల్లోని ఇసుకను దగ్గరకు లాగుతుంది. లోతులో ఉన్న ఇసుకను పైనున్న నేల ఎలా బిగించి ఉంచుతుందో, ఆ పనినే పోగు నేల పైభాగంలో లోపలి నుంచి చేస్తుంది. ఆ బిగింపుకు కావలసిన ఒత్తిడి బండి బరువు నుంచే వస్తుంది. ఇందులోంచి ఒక పర్యవసానం తప్పదు: ఇసుక కొంత కదిలితే తప్ప పోగు పనిలోకి దిగదు. మామూలు ఇసుక కొద్దిపాటి కదలికకే తన గరిష్ఠ బలాన్ని చూపించి, ఆ తరువాత నీరసిస్తుంది. పోగుల ఇసుక కదిలేకొద్దీ ఇంకా ఇంకా ఎదురు నిలుస్తుంది. హఠాత్తుగా విరగదు. కానీ ఏమాత్రం వంగకుండా కూడా ఉండదు. ఈ పదార్థపు గుణమూ హద్దూ రెండూ ఇక్కడే ఉన్నాయి.

పోగు పొడవు ఎందుకు కీలకమో కూడా ఇదే సూత్రం చెబుతుంది. 51 మిల్లీమీటర్ల పోగు జారుడు తలాన్ని ఎక్కడ దాటినా, దాని రెండు ముక్కల్లో పొట్టి ముక్క సగటున 13 మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఆ కొద్ది పొడవు మీది ఒరిపిడే దాని పట్టు. అది చాలకపోతే పోగు తెగకుండానే ఊడి వస్తుంది. చుట్టూ ఒత్తిడి ఒక హద్దుకు తక్కువగా ఉన్నప్పుడు పోగులు జారిపోతాయని, ఆ హద్దు దాటాక చివరిదాకా పట్టి ఉంచుతాయని గ్రే, ఆయన విద్యార్థులు తరువాతి ఏళ్లలో చూపించారు. పోగు సన్నగా, పొడవుగా ఉంటే ఆ హద్దు తగ్గుతుంది. గింజలు కోసుగా ఉన్నా, పెద్దా చిన్నా కలిసి ఉన్నా తగ్గుతుంది. సముద్రపు ఒడ్డున దొర్లి దొర్లి నునుపెక్కిన ఒకే సైజు గింజలకు అది ఎక్కువ.

దిక్కు సంగతీ చూడాలి. జారుడు తలానికి సుమారు 60 డిగ్రీల వాలులో, కదలికకు బిగుసుకునేలా ఉన్న పోగు అన్నిటికన్నా గట్టిగా లాగుతుంది. ఎదురు దిక్కుకు వాలినది నలిగి ముడుచుకుపోతుంది. అన్ని దిక్కులకూ చెదిరిన పోగుల్లో కొన్నే పనిచేస్తాయన్నమాట. అదృష్టవశాత్తూ రోలర్ తొక్కుడుకు పోగులు ఎక్కువ భాగం అడ్డంగా వాలతాయి. చక్రం కింద ఇసుక సాగేది కూడా అడ్డంగానే.

ఎన్ని పోగులుంటాయో ఊహకు అందాలంటే చిన్న లెక్క చాలు. 20 డెనియర్ పోగు 9,000 మీటర్లు తూస్తే 20 గ్రాములు, మందం 0.06 మిల్లీమీటరు కూడా ఉండదు. ఒక కిలోలో 450 కిలోమీటర్ల పోగు. ఘనమీటరు ఇసుక పొడిగా 1,700 కిలోలు అనుకుని నూటికి ఒక పాలు కలిపితే 17 కిలోలు, అంటే 7,650 కిలోమీటర్ల పోగు. అది అన్ని దిక్కులకూ సమానంగా చెదిరితే లోపల ఎక్కడ కోసి చూసినా చదరపు సెంటీమీటరుకు సుమారు 380 పోగులు అడ్డుగా ఉంటాయి. ఇసుక ఎటు జారబోయినా వాటిని దాటక తప్పదు. వరసలుగా పరిచిన చాపల మధ్య జారడానికి తావుంటుంది. చెదిరిన పోగుల్లో అలాంటి బలహీనమైన తలమే ఉండదు.

రోడ్డు పరిమాణంలో ఈ పద్ధతిని పరీక్షించింది అమెరికా సైన్యం. ఓడల నుంచి సరుకును రేవు లేని ఒడ్డున దించి, ఇసుక మీదుగా లారీల్లో లోపలికి చేర్చడం దాని పాత సమస్య. మిసిసిపి రాష్ట్రంలోని విక్స్‌బర్గ్‌లో సైనిక ఇంజనీర్లకు వాటర్‌వేస్ ఎక్స్‌పెరిమెంట్ స్టేషన్ అనే పెద్ద పరిశోధన కేంద్రం ఉంది. 1927 నాటి మిసిసిపి మహావరద తరువాత, 1929లో దాన్ని స్థాపించారు. 1970ల చివర ఇక్కడే స్టీవ్ వెబ్‌స్టర్ బృందం ప్లాస్టిక్ గదుల వల పరిచి, గదుల్లో ఇసుక నింపే పద్ధతిని తయారుచేసింది. ఆ గదుల గోడలు ఇసుకను బయటి నుంచి పట్టి ఉంచుతాయి. పోగుల ఆలోచన దానికి కొనసాగింపు.

అదే కేంద్రానికి చెందిన శాంటోనీ, టింగిల్, వెబ్‌స్టర్ 2001లో ప్రచురించిన ఫలితాలు ఆచరణకు దారి చూపాయి. ఇసుక, పోగుల మిశ్రమాన్ని స్తంభాలుగా పోసి, పక్కల ఏ ఆధారమూ లేకుండా పైనుంచి నొక్కారు. పోగుల పొడవు మారుస్తూ పోతే 51 మిల్లీమీటర్ల దగ్గర, అంటే రెండు అంగుళాల దగ్గర, మేలైన ఫలితం వచ్చింది. మోతాదు పొడి ఇసుక బరువులో 0.6 నుంచి 1 శాతం ఉన్నప్పుడు బలం గరిష్ఠానికి చేరింది. ఇసుకలో 8 శాతం దాకా సన్నని ఒండు కలిసినా పనితీరు చెడలేదు. తడి అనుకున్నదానికన్నా ఎక్కువైనా తక్కువైనా పోగుల మేలు తగ్గలేదు. ఈ చివరిది చిన్న విషయం కాదు. సిమెంటు కలిపే పద్ధతుల్లో నీరు కాస్త తప్పితే పని పాడవుతుంది. పల్లె రోడ్డు పనిలో నీటిని అంత ఖచ్చితంగా కొలిచే వసతి దొరకదు.

ప్రయోగశాల తరువాత నేల మీద పరీక్ష. శాంటోనీ, వెబ్‌స్టర్ ఇసుక నేల మీద పోగుల పొర వేసి, సీ-130 రవాణా విమానపు టైరు భారాన్ని దాని మీద దొర్లించారు. ఒక్క టైరు మీద 13,608 కిలోలు. గాలి ఒత్తిడి 690 కిలోపాస్కళ్లు. మన ప్రామాణిక ఇరుసుకు నాలుగు టైర్లు, ఒక్కోదాని మీద రెండు టన్నుల చిల్లర. దానికి ఆరు రెట్లకు పైబడిన ఈ భారం వెయ్యిసార్లకు పైగా దొర్లినా గాడి లోతు 51 మిల్లీమీటర్లు దాటలేదు. మొత్తం 18,870 కిలోలు తూగే సైనిక లారీని కూడా నడిపారు. 203 మిల్లీమీటర్ల మందం పొర మీద చెట్ల జిగురు చల్లితే సైనిక లారీల రాకపోకలను అది గణనీయంగా మోయగలదని తేల్చారు. తరువాతి పరీక్షల్లో వేరువేరు రకాల పోగులను పోల్చి చూసినప్పుడు, కలిపేటప్పుడు వలలా విచ్చుకునే చీలిక పోగులు నునుపైన ఒంటి పోగుల కన్నా మెరుగ్గా నిలిచాయి. విచ్చుకున్న అంచులు ఇసుకను ఎక్కువ చోట్ల పట్టుకుంటాయి కాబట్టి అది సహజమే.

ఈ అంకెలను ఊరి రోడ్డుకు అన్వయించేటప్పుడు జాగ్రత్త అవసరం. సైన్యానికి 51 మిల్లీమీటర్ల గాడి అంగీకారమే. లారీ సాగిపోతే చాలు, కొన్ని వారాల్లో ఆ దారి అవసరం తీరిపోతుంది. మన తారు రోడ్ల లెక్కలో 20 మిల్లీమీటర్ల గాడి పడితే ఆ రోడ్డు చెడినట్టే. పోగుల ఇసుక కదిలితే తప్ప బలం చూపదు కనుక దాని మీద నేరుగా పలుచని తారు పొర వేస్తే పగుళ్లు వస్తాయి. దాన్ని కప్పు లేని రోడ్డుగానో, కంకర పొర కింద పునాదిగానో, కొద్దికాలపు దారిగానో వాడటం సరైన పని. గట్టి తారు రోడ్డుకు చవకైన ప్రత్యామ్నాయం అని చెప్పి వేస్తే మొదటి లారీల సీజనులోనే నమ్మకం పోతుంది.

సరుకు రవాణాలో ఆదా మాత్రం నిజంగా పెద్దది. 3.75 మీటర్ల వెడల్పు, 200 మిల్లీమీటర్ల మందం ఉన్న ఒక కిలోమీటరు పొరలో 750 ఘనమీటర్ల సరుకు పడుతుంది. కంకర అయితే 1,500 టన్నులకు పైనే. పదహారు టన్నుల టిప్పర్లకు సుమారు వంద ట్రిప్పులు. పోగుల ఇసుక అయితే బయటి నుంచి రావలసింది 13 టన్నుల లోపు పోగులు, పైన చల్లే జిగురు. మిగతాదంతా అక్కడే ఉంది. వంద ట్రిప్పుల టిప్పర్లు వచ్చే దారిలోని పాత రోడ్లు నలగకపోవడం కూడా ఈ లెక్కలో కలుస్తుంది.

వేసే పని సులభమే, ఒక్క మెట్టు తప్ప. ముందు ఇసుకను చదును చేసి తడుపుతారు. తరువాత పోగులను సమానంగా వెదజల్లి, పొలంలో రోటవేటర్ దున్నినట్టు తిరిగే పళ్లున్న పెద్ద యంత్రంతో పొర మందమంతా కలుపుతారు. కష్టమంతా ఈ కలపడంలోనే. ప్లాస్టిక్ పోగుల్లో ఎక్కువగా వాడే పాలీప్రొపిలీన్ నీటికన్నా తేలిక. దాని సాంద్రత 0.91. పొడి ఇసుకలో కలిపితే అదురుకు పోగులు పైకి తేలివస్తాయి. ఇసుక తడిగా ఉంటే పోగులు గింజలకు అతుక్కుని ఉన్నచోటే ఉంటాయి. నీరు మరీ ఎక్కువైనా తేలతాయి. గాలి రోజున చల్లితే సగం పొలాల పాలు. ఒక్కచోట ఎక్కువ పడితే ముద్దకట్టి, ఆ ముద్ద చుట్టూ మెత్తని గుంట తయారవుతుంది. ఒక శాతానికి మించి వేసినప్పుడు జరిగేది ఇదే: పోగులు పోగులనే పట్టుకుంటాయి, ఇసుకను కాదు. అందుకే యంత్రాన్ని ఒకే చోట పలుమార్లు నడపాలి. ఆపైన అదిరే రోలర్‌తో తొక్కించాలి. పోగులు స్ప్రింగులా ఎదురు తంతాయి కాబట్టి మామూలు ఇసుక చేరే సాంద్రతకు ఇది ఒక పట్టాన చేరదు. మరికొన్ని సార్లు తొక్కించక తప్పదు.

పై పొర లేకుండా వదిలేస్తే ఈ రోడ్డు నిలవదు. పోగుకు పట్టు దొరికేది చుట్టూ ఒత్తిడి ఉన్నచోట. పైనున్న అంగుళం ఇసుకకు చక్రం కింద ఉన్న ఆ ఒక్క క్షణమే ఒత్తిడి. మలుపులో, బ్రేకు వేసినచోట టైరు పోగులను పీకేస్తుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పాలీప్రొపిలీన్‌ను పెళుసు చేస్తాయి. అందుకే విక్స్‌బర్గ్‌లో పైన చెట్ల జిగురు వాడారు. తారు ఎమల్షన్ గానీ, కొన్ని అంగుళాల గ్రావెల్ గానీ ఆ పని చేయవచ్చు. గ్రావెల్‌కు ఇంకో ప్రయోజనం ఉంది, అది కింది ఇసుకను తన బరువుతో బిగిస్తుంది. గాడులు పడ్డప్పుడు మట్టి రోడ్డును గ్రేడర్‌తో గీకి చదును చేసినట్టు దీన్ని చేయకూడదు. బ్లేడుకు పోగులు చుట్టుకుని పొర లేచిపోతుంది. గాడిలో కొత్త మిశ్రమం వేసి, తొక్కించి, మళ్లీ జిగురు చల్లాలి.

పోగుల ఇసుకలో నీరు ఇంకుతుంది, బురద కాదు. వానకు నల్లరేగడి రోడ్డులా ఉబ్బదు. కానీ పారే నీరు అంచులను కోసేస్తే లోపలి పొర బయటపడి గింజలు కొట్టుకుపోతాయి. రెండు పక్కలా భుజాలు, నడిమి నుంచి వాలు, నీరు పోయే దారి – ఏ రోడ్డుకైనా అవసరమైన ఈ మూడూ దీనికి ఇంకా అవసరం.

అన్నిటికన్నా బరువైన ప్రశ్న ప్లాస్టిక్‌ది. కిలోమీటరుకు దాదాపు 13 టన్నుల సన్నని పోగులు ఇసుకలో కలిస్తే, రోడ్డు అవసరం తీరాక వాటిని ఏరి తీయడం అసాధ్యం. అరిగిన ముక్కలు కాలువల్లోకి, సముద్రంలోకి చేరతాయి. సైనిక అవసరానికి ఈ ప్రశ్న అడ్డురాకపోవచ్చు. చేపల వేట మీద బతికే తీరంలో దీన్ని పక్కన పెట్టి రోడ్డు వేయడం న్యాయం కాదు.

ఇక్కడ కొబ్బరి పీచు గుర్తుకు రావడం సహజం. మిగతా సహజ నారల కన్నా అందులో లిగ్నిన్ ఎక్కువ, అందుకే జనపనార కుళ్లిన తరువాత కూడా అది నేలలో నిలుస్తుంది. దాని గరుకుతనం ఇసుకను బాగా పట్టుకుంటుంది. అయితే దానికీ గడువుంది. తడి నేలలో కొన్నేళ్లకు బలం పోతుంది. మన దేశంలో రోడ్ల కింద దాని వాడకం ప్రస్తుతానికి మరో రూపంలో ఉంది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మూడో దశలో కొబ్బరి పీచుతో నేసిన వస్త్రాన్ని పరిచి రోడ్లు వేసేందుకు 2020లో అనుమతి ఇచ్చారు. ఏడు రాష్ట్రాల్లో 1,674 కిలోమీటర్లు ఎంపికయ్యాయి. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 164, తెలంగాణ వాటా 121 కిలోమీటర్లు. నేసిన వస్త్రం ఒక తలంలో ఉండి, మెత్తని నేలనూ పై పొరనూ కలవకుండా చూస్తుంది. చెదిరిన పోగులు పొర లోపలంతా ఉంటాయి. మెత్తని బంకనేల మీద వస్త్రం, లోతైన ఇసుక మీద పోగులు – ఏ నేలకు ఏది తగునో చూసి ఎంచుకోవలసినవే.

ఇసుక ఎక్కడిది అన్నది చివరి షరతు. ఈ పద్ధతి విలువంతా దారి కిందనే ఉన్న ఇసుకను వాడటంలో ఉంది. దీనికోసం నదిలో ఇసుక తవ్వి లారీల్లో తెస్తే కంకరతో వచ్చిన నష్టమే ఇంకో పేరుతో వస్తుంది. తీరపు ఇసుక దిబ్బలను 2019 నాటి తీర నియంత్రణ మండలి నిబంధనలు అత్యంత సున్నితమైన ప్రాంతాల జాబితాలో చేర్చాయి. ఉప్పెనలకు అవే మొదటి అడ్డు, కాబట్టి వాటిని తాకకూడదు. ఇసుకలో బంకమట్టి ఎక్కువగా ఉన్నచోట పోగులు సరిగా కలవవు. అక్కడ సున్నం కలపడమే మేలు. పేటకూ ప్రధాన రోడ్డుకూ మధ్య ఇప్పటికే బండి జాడ ఉన్న ఇసుక దారి, ఉప్పు మడులకు వెళ్లే బాట, తుపాను తరువాత సహాయపు లారీలు వెళ్లాల్సిన తాత్కాలిక దారి – ఇలాంటి చోట్ల, మందపాటి చక్రాల భారీ లారీలు రోజూ తిరగని చోట్ల, ఇది తగిన పద్ధతి.